రొయ్యల లోడుకు డీజిల్ పికప్: బొలేరో మ్యాక్స్ 2.0, యోధ 2.0, బడా దోస్త్ ఐ4లో ఏది తీసుకోవాలి?

విడవలూరు_గట్టు:

అన్నలకు నమస్కారం. విడవలూరు, అల్లూరు మండలాల్లో చెరువుల దగ్గర రొయ్య కొని నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు తోలేదానికి సొంత బండి కావాల. ఇప్పుడు నడిచేదంతా బాడుగ బండ్లే. మామూలు రోజుల్లో 800 నుంచి 900 కిలోల రొయ్య, పట్టుబడి గట్టిగా ఉండే రోజుల్లో 1,500 దాకా వస్తాది. పోను రాను 70, 80 కిలోమీటర్లు. అందులో 10 కిలోమీటర్లు చెరువు గట్లు, నల్లరేగడి బాట. వారానికి రెండు మూడు ట్రిప్పులు మేత బస్తాలు కూడా తోలాల. డ్రైవరుకు ఎల్‌ఎంవీ (చిన్న బండ్ల) లైసెన్సు ఉంది.

చూసిన బండ్లు మూడు: మహీంద్రా బొలేరో మ్యాక్స్ పికప్ హెచ్‌డీ 2.0, టాటా యోధ 2.0, అశోక్ లేలాండ్ బడా దోస్త్ ఐ4. షోరూముల్లో ఎవరి బండి వాళ్లు గొప్పంటారు. లోడు మోసి, ఉప్పు గాలికి నిలబడేది ఏదో తెలిసినవాళ్లు చెప్పండి. 4x4 అవసరమా? బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బండి గట్ల మీద తిప్పితే పొగలో మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టరు పూడుకుపోతుందంటారు, నిజమేనా?

కొత్తపట్నం_రేవు:

బండి పేరు తర్వాత చూద్దాం, ముందు కాటా లెక్క. 2.0 అంటే 2 టన్నుల రొయ్య అనుకుంటే అక్కడే దెబ్బ తింటారు. ఆర్సీలో గ్రాస్ వెయిట్, అన్‌లాడెన్ వెయిట్ అని రెండు ఉంటాయి. ఆ రెంటికీ తేడా ఎంతో అంతే మీరు మోయగలిగేది. అన్‌లాడెన్ వెయిట్‌లో డ్రైవరు బరువు చేరదు. అంటే డ్రైవరు, పక్కన కూర్చునే ఇద్దరు, ఐసు, ట్రేలు, అన్నీ ఆ తేడాలోనే సర్దుకోవాలి.

మీ లెక్కే వేద్దాం. ఎండాకాలంలో ఒకటికి ఒకటి ఐసు వేస్తారు. రొయ్య 900, ఐసు 900, రెండేసి కిలోల ట్రేలు 45 అంటే 90, మనుషులు ముగ్గురు 200. మొత్తం 2,090 కిలోలు. 2 టన్నుల బండికే ఎక్కువైపోయింది. 1,500 కిలోల రొయ్య ఒక్క ట్రిప్పులో తేవాలంటే ఈ మూడింట్లో ఏదీ చట్టప్రకారం మోయదు. ఓవర్‌లోడుకు 2019 సవరణ చట్టం ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. ఎక్కువైన సరుకును అక్కడే దించుకోమంటారు. ఎండలో రోడ్డు పక్కన రొయ్య దించితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఐసు తగ్గించే దారి ఉంది. 30 డిగ్రీల దగ్గరున్న కిలో రొయ్యను సున్నాకు దించడానికి సుమారు 25 కిలోకేలరీల వేడి లాగాలి. కిలో ఐసు కరిగితే 80 కిలోకేలరీలు లాగుతుంది. అంటే చల్లబరచడానికి పట్టేది రొయ్య బరువులో మూడో వంతు ఐసే. మిగతాదంతా టార్పాలిన్ కిందికి దూరే వేడికి కరిగిపోతోంది. పఫ్ (వేడి చొరనివ్వని నురగ) గోడల బాక్సు కట్టించి, చెరువు దగ్గరే రొయ్యను ఐసు నీళ్లలో ముంచి చల్లబరిచి ఎక్కిస్తే, మీ దూరానికి కిలోకు 600 గ్రాములు చాలు. అప్పుడు రొయ్య 800, ఐసు 480, ట్రేలు 65, మనుషులు 200, బాక్సు 350 అనుకున్నా 1,895. ఇది 2 టన్నుల బండిలో పడుతుంది. బాక్సు బరువని భయపడి మానుకోవద్దు, ఐసులో దాదాపు అంత బరువూ మిగులుతుంది.

కావలి_కమాన్:

పై లెక్కకు ఒక్క అక్షరం కలపను. ఇక బండ్ల సంగతి.

బొలేరో మ్యాక్స్ హెచ్‌డీ 2.0లో 2,523 సీసీ, 4 సిలిండర్ల ఎమ్2డీఐ ఇంజను, 80 గుర్రాల శక్తి (హెచ్‌పీ), 220 ఎన్ఎమ్ టార్కు (చక్రాన్ని తిప్పే బలం), డెక్కు (వెనక సరుకు పెట్టే తొట్టి) 10 అడుగులు. యోధ 2.0లో 2.2 లీటర్ల ఇంజను, 100 గుర్రాలు, 250 ఎన్ఎమ్. బడా దోస్త్ ఐ4లో 1,478 సీసీ, 3 సిలిండర్లు, 80 గుర్రాలు, 190 ఎన్ఎమ్, కంపెనీ చెప్పే లోడు 1,860 కిలోలు, డెక్కు 9 అడుగుల 8 అంగుళాలు.

మీ గట్లకు గుర్రాల కంటే టార్కు ముఖ్యం, అదీ తక్కువ ఆర్పీఎమ్‌లో దొరికేది. నల్లరేగడి తడిసినప్పుడు లోడుతో మొదటి గేరులో మెల్లగా కదలాలి. టార్కు చాలని బండిని డ్రైవరు హాఫ్ క్లచ్ మీద లాగిస్తాడు, క్లచ్ ప్లేటు మాడేది అందుకే. ఈ ఒక్క కారణానికే గట్ల పనికి పెద్ద ఇంజను బండ్లు రెండిట్లో ఒకటి చూడమంటా. యోధకు లాగుడు ఎక్కువ, బొలేరోకు డెక్కు పొడవు. రాపూరు ఘాట్ మీద కడప వైపో, గిద్దలూరు మీదుగా నంద్యాల వైపో లోడు పోతుంటే నేనైతే యోధకే ఓటు వేస్తా. మీది సముద్రం పక్క చదును, ఘాటు లేదు, ట్రేలకు చోటు కావాలి కాబట్టి బొలేరో సరిపోతుంది.

4x4 వద్దు. లోడున్న బండి వెనక చక్రాల మీద బరువు ఉంటుంది, మామూలుగా చక్రాలు జారవు. ఎక్కువగా జారి ఇరుక్కునేది ఖాళీగా చెరువుకు పొయ్యేటప్పుడు. రెండు చెక్క పలకలు, ఒక పార, మంచి హైడ్రాలిక్ జాకీ, జాకీ కింద వేసే అడుగు దిమ్మ బండిలో ఉంచండి. దిమ్మ లేకుంటే జాకీయే రేగట్లోకి దిగుతుంది.

కమాన్ కట్టలకు (వెనక యాక్సిల్ మీద ఉండే స్ప్రింగు పట్టీల కట్టలు) అదనంగా పట్టీ వేయిద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. దయచేసి వినొద్దు. వెనక బ్రేకులకు లోడును బట్టి ప్రెషర్ పంపే ఎల్‌ఎస్‌పీవీ వాల్వు ఉన్న బండిలో, ఆ వాల్వు ఛాసిస్‌కూ యాక్సిల్‌కూ మధ్య ఎత్తును బట్టి పనిచేస్తుంది. పట్టీ ఎక్కువైతే లోడుతో కూడా వెనక భాగం ఎత్తులోనే ఉంటుంది, బండి ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనక బ్రేకులకు ప్రెషర్ తగ్గిస్తుంది. భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. ప్యాడ్లు తొందరగా అరగడం చిన్న సంగతి, హైవే మీద బండి ఆగాల్సిన చోట ఆగదు. తప్పనిసరై కమాన్లు మారిస్తే ఆ వాల్వు లింకును కంపెనీ కొలత ప్రకారం మళ్లీ సెట్ చేయించాల్సిందే.

డీపీఎఫ్ గురించి మీరు విన్నది సగం నిజం. ఫిల్టర్లో చేరిన మసి కాలాలంటే పొగ గొట్టం బాగా వేడెక్కాలి. గట్ల మీద 15, 20 వేగంతో తిప్పి, లోడింగు రెండు గంటలూ ఇంజను ఆన్‌లో పెడితే అది ఎప్పటికీ కాలదు. మీ దారిలో ఎటూ తారు రోడ్డు ఉంది కదా, వారంలో రెండు మూడు సార్లు 60 పైన వేగంతో ఆపకుండా 20 నిమిషాలు నడిపిస్తే చాలావరకు సరిపోతుంది. డ్యాష్‌బోర్డులో డీపీఎఫ్ లైటు వెలిగితే ఇంజను ఆపకుండా అలాగే హైవే ఎక్కాలి. మధ్యలో మాటిమాటికీ ఆపితే, మసి కాల్చడానికి పంపిన డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగిందంటే అదే గుర్తు, కిలోమీటర్లు కాలేదని చూడకుండా ఆయిల్ మార్చేయాలి. మాన్యువల్లో రాసిన బీఎస్-6 గ్రేడు ఆయిలే పొయ్యండి. పాత రకం ఆయిల్లో బూడిద ఎక్కువ, ఆ బూడిద ఫిల్టర్లో ఉండిపోతుంది, ఎంత కాల్చినా పోదు.

గూడూరు_నిమ్మ:

బడా దోస్త్‌ను అంత తేలిగ్గా తీసేయొద్దని నా మాట. డ్రైవరు సీటు ఇంజను మీదికి జరిగి ఉండే బండి అది, ముందు బానెట్ పొడవు తక్కువ. ఇరుకు గట్టు మీద, ప్లాంటు గేటు దగ్గర తిప్పుకోవడం సులువు. పొదలకూరు, గూడూరు నిమ్మకాయల మార్కెట్ల నుంచి మద్రాసుకు తారు రోడ్డు మీద పొయ్యే లోడుకైతే నేను అదే చెప్తా. చిన్న ఇంజను, తారు మీద డీజిల్ పొదుపు. కానీ వర్షాకాలంలో గట్లు, పైగా ఐసు బరువు అంటే కావలి అన్న చెప్పిందే నిజం, 1,860 మీకు చాలదు.

మన పక్కనే శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్ గురించి ఎవరైనా చెప్పొచ్చు. బండి గట్టిదే, కానీ అందులో ఎక్కువ మోసే రకానికి కూడా లోడు 1.7 టన్నుల దగ్గరే ఆగిపోతుంది. మీ పనికి కాదు.

కాగితాల సంగతి. గ్రాస్ వెయిట్ 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి. మీరు చూసేవి మూడూ దాటేవే, కాబట్టి పర్మిట్ ఖర్చు లెక్కలో వేసుకోండి. ఎల్‌ఎంవీ లైసెన్సు 7,500 కిలోల దాకా సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఖాయం చేసింది, ఆ దిగులు వద్దు. ఫిట్‌నెస్ మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా.

2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పాత కొటేషన్ చూపిస్తే ఒప్పుకోవద్దు. ఇన్సూరెన్సులో ఐఎంటీ-23 అని అడిగి వేయించుకోండి. అది లేకుంటే కమర్షియల్ బండికి హెడ్‌లైట్లు, బంపరు, మడ్‌గార్డులు, టైర్లు, పెయింటు దెబ్బతిన్నప్పుడు క్లెయిములో కోసేస్తారు. గట్ల మీద ముందుగా తగిలేవి అవే.

విడవలూరు_గట్టు:

అందరికీ దండాలు. రెండు సందేహాలు. 1,500 కిలోల రోజుల కోసం ఏకంగా టాటా 407 (వీటికంటే పెద్ద బండి) తీసుకుంటే? పఫ్ బాక్సు కట్టించేటప్పుడు ఏం చూసుకోవాల? డీపీఎఫ్ గొడవ లేని పాత బీఎస్-4 బండి చూడమని కూడా ఒకరు చెప్తా ఉండారు.

కొత్తపట్నం_రేవు:

తమ్ముడూ, 1,500 రోజులు నెలలో ఎన్నో లెక్కపెట్టు. నాలుగైదే అయితే ఆ రోజుల్లో రెండు ట్రిప్పులు వెయ్యి, లేదా ఒక బాడుగ బండి కలుపుకో. 10, 12 దాటితే 407 తరగతి బండే న్యాయం, దానికీ ముందు ఇదే కాటా లెక్క వెయ్యి. అదీ 7,500 కిలోల లోపే, అదే లైసెన్సుతో నడుస్తుంది. కానీ ఆ వెడల్పుకు నీ గట్లు పడతాయా? టేపు పెట్టి కొలువు. బండి వెడల్పుకు రెండు పక్కలా అడుగున్నర చొప్పున గట్టి నేల లేకుంటే, వానాకాలంలో అంచు జారి బండి చెరువులో ఉంటుంది.

బాక్సు కట్టించేదుంటే డెక్కు లేని క్యాబ్ ఛాసిస్ బండి అడుగు. డెక్కు మీద బాక్సు పెడితే డెక్కు బరువు ఊరికే మోస్తావు. గోడల్లో పఫ్ 60 మిల్లీమీటర్లు చాలు, పైకప్పుకు 75 వేయించు, ఎండ నేరుగా కొట్టేది దానికే. లోపల ఫైబర్ షీటు, మూలలు గుండ్రంగా, రివెట్ల తలలన్నీ సీలెంటుతో మూయాలి. ఒక్క కంత నుంచి నీళ్లు పఫ్‌లోకి దిగినా అది చల్లదనం పట్టదు, పైగా బరువెక్కుతుంది.

నేల వెనక్కి వాలుగా ఉండాలి. రెండు మూలల్లో కంతలు పెట్టించి వాటికి గొట్టాలు బిగించు. గొట్టం చివర ఛాసిస్‌కూ కమాన్లకూ దూరంగా రావాలి. చాలా బండ్లలో ఆ నీళ్లు వెనక యాక్సిల్ మీదే కారతాయి. ఐసు కరిగిన నీళ్లే కదా అనుకుంటారు, అందులో చెరువు ఉప్పు ఉంటుంది. బ్రేకు పైపులు, హ్యాండ్‌బ్రేకు కేబులు, కమాన్ సెంటర్ బోల్టు వరసగా తుప్పు పట్టేది దానివల్లే. గొట్టం చివర వాల్వు పెట్టించి, ప్లాంటులో ఆపినాక వదులు. రోడ్డు మీద కారిస్తే వెనకొచ్చే మోటారు సైకిల్ వాడు జారిపోతాడు. బాక్సు అయినాక ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీలో ఎక్కించు, ఎక్కించని బాడీకి ఇన్సూరెన్సు కంపెనీ పేచీ పెడుతుంది.

ట్రేలు పేర్చేటప్పుడు వెనక యాక్సిల్‌కు ముందువైపే బరువు ఎక్కువుండాలి. తలుపు పక్క బరువు పెరిగితే ముందు చక్రాలు తేలిక పడి స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

కావలి_కమాన్:

రోజూ అన్‌లోడ్ అయినాక కిందంతా మంచినీళ్లతో, ప్రెషరుతో కడిగించండి. మీ ఊళ్లలో చాలా బోర్లు ఉప్పువి, ఆ నీళ్లతో కడిగినా కడగనట్టే. ప్లాంటు దగ్గర మంచినీళ్లు దొరికితే అక్కడే కడిగించాలి. కొత్త బండికి మొదటి నెలలోనే కింద తుప్పు మందు కొట్టించండి, తుప్పు మొదలైనాక కొడితే లోపలే తింటుంది. ఛాసిస్ ఛానెల్ కంతలు మాత్రం మూయనివ్వొద్దు, నీళ్లు పోయేది వాటిగుండానే. లోడుతో మొదటి 1,000 కిలోమీటర్లు తిరిగినాక కమాన్ల యూ బోల్టులు టార్కు రెంచితో బిగించాలి. అవి వదులైతే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ పక్కకు జరుగుతుంది. బ్యాటరీ టెర్మినళ్లకు, ఎర్త్ వైరు బిగించిన చోట పెట్రోలియం జెల్లీ రాయండి. బీఎస్-6 బండికి సెన్సార్లు ఎక్కువ, ఎర్త్ చెడితే లేని తప్పులన్నీ చూపిస్తుంది. డీజిల్ ఫిల్టర్లో చేరిన నీళ్లు వారానికోసారి బయటికి వదలండి.

పాత బీఎస్-4 బండి వద్దనే చెప్తా. వాటి అమ్మకం 2020 మార్చి 31తో ఆగింది. ఎంత మంచి బండైనా ఏటా ఫిట్‌నెస్‌కు పోవాల్సిన వయసుకు దగ్గర పడింది. చూసి తీరాలనుకుంటే వెనక కమాన్ బ్రాకెట్ల దగ్గర, క్రాస్ మెంబరు అతుకుల దగ్గర చిన్న సుత్తితో కొట్టి వినండి. గంటలా మోగితే ఇనుము ఉన్నట్టు, బద్దగా వినిపిస్తే లోపల పొరలు లేచినట్టు. కొత్తగా నల్లరంగు కొట్టిన ఛాసిస్ అయితే అక్కడే గీకి చూడండి. రొయ్య మోసిన బండి అని తెలిస్తే ఇంజను ఎంత బాగున్నా వదిలెయ్యండి.

కొనేముందు షోరూము వాళ్లను లోడుతో టెస్ట్ డ్రైవ్ అడగండి. 25 కిలోల మేత బస్తాలు 60 వేస్తే టన్నున్నర. దాంతో మీ గట్టు ఎక్కించి, నడిమధ్యలో ఆపి, మళ్లీ మొదటి గేరులో కదిలించమనండి. క్లచ్ వాసన రాకుండా కదిలిన బండికి అడ్వాన్సు ఇవ్వండి.