పీఎస్1, పీఎస్2 డిస్కులు కాపీ తీసి దాచుకోవడం ఎలా?

గోదారి_గేమర్:
మా అన్నయ్య దుబాయ్‌లో ఉన్నప్పుడు కొన్న పీఎస్2 (ప్లేస్టేషన్ 2 గేమ్ కన్సోల్), ఓ పెట్టెడు గేమ్ డిస్కులు ఇప్పుడు నా దగ్గరికొచ్చాయి. అన్నీ ఒరిజినల్సే, కొన్ని పీఎస్1వి కూడా ఉన్నాయి. అవి పాడవకముందే కాపీ తీసి పెట్టుకుందామని ల్యాప్‌టాప్‌కి డీవీడీ డ్రైవ్ తగిలించి ఐఎస్ఓలు (డిస్కులోని డేటాని ఒకే ఫైలుగా తీసిన కాపీలు) తీస్తున్నా. పీఎస్1 గేమ్ రిడ్జ్ రేసర్ ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌ని కన్సోల్‌లా పనిచేయించే సాఫ్ట్‌వేర్) ఆడుతోంది కానీ పాటలు రావట్లేదు. గ్రాన్ టూరిస్మో 4 ఏమో పెన్‌డ్రైవ్‌లో బోలెడు ఖాళీ ఉన్నా ఫైలు పెద్దదంటూ ఎక్కట్లేదు. ఇంకోటి, ఖాళీ డిస్కుల మీద రైట్ చేస్తే కన్సోల్‌లో ఆడతాయా?

నల్లడిస్కు:
పాటల సంగతి ముందు. రిడ్జ్ రేసర్‌లో గేమ్ ఒక ట్రాక్, పాటలు మామూలు ఆడియో సీడీలోలాగే వేరే ట్రాకులు. గేమ్ మొత్తం మెమరీలోకి ఎక్కేస్తుంది కాబట్టే అప్పట్లో డిస్కు తీసేసి, సినిమా పాటల సీడీ పెట్టుకుని రేసు ఆడేవాళ్లం! ఐఎస్ఓలోకి ఆడియో ట్రాకులు రావు. పైగా సీడీలో ఒక్కో సెక్టార్ (డేటా ముక్క) 2,352 బైట్లయితే ఐఎస్ఓ అందులో 2,048 మాత్రమే తీసుకుంటుంది. పీఎస్1 డిస్కు ఏదైనా బిన్/క్యూగానే (డేటాకి బిన్ ఫైలు, దాని పట్టికగా క్యూ ఫైలు) తీయండి. క్యూ ఫైలు చిన్నదే కదా అని చెరిపేయొద్దు, ఏ ట్రాక్ ఎక్కడ మొదలో చెప్పేది అదే.

దుబాయ్‌లో కొన్నవంటే పాల్ డిస్కులే (యూరప్ వైపు టీవీ పద్ధతికి చేసినవి) అయ్యుంటాయి. పాల్ పీఎస్1 గేముల్లో కొన్నిటికి లిబ్‌క్రిప్ట్ అనే రక్షణ ఉంది. దాని గుర్తులు సబ్‌చానెల్‌లో (అసలు డేటా పక్కన డిస్కులో ఉండే అదనపు సమాచారం) ఉంటాయి, ఉత్త బిన్‌లోకి రావు. రీడంపర్ లాంటి టూల్ అయితే సబ్‌చానెల్ కూడా చదువుతుంది.

పీఎస్2 తేలిక. అడుగు నీలంగా ఉంటే సీడీ, వెండిలా ఉంటే డీవీడీ. డీవీడీకి ఐఎస్ఓ చాలు. గ్రాన్ టూరిస్మో 4 డ్యూయల్ లేయర్ (రెండు పొరల డీవీడీ), 4 జీబీ దాటిపోతుంది. మీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండుంటుంది, అందులో అంత పెద్ద ఫైలు పట్టదు. లోపలున్నవి పక్కన పెట్టుకుని ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చండి.

తీశాక హ్యాష్ (ఫైలుకి వేలిముద్రలాంటి కోడ్) చూసి, ఒరిజినల్ డిస్కుల హ్యాష్‌లు ఉండే రీడంప్ సైట్‌లో ఉన్నదాంతో పోల్చండి. గేమ్ ఓపెనైతే చాలనుకుని చాలామంది ఇది వదిలేస్తారు, తీరా సగం ఆడాక ఏదో ఒక స్టేజీలో బిగుసుకుపోతుంది.

డిస్కుల మీద రైట్ చేయడం మాత్రం దండగ. పీఎస్1 ఒరిజినల్‌లో లోపలి అంచు దగ్గర గాడిని కావాలనే వంకరగా వణికించారు, రీజియన్ కోడ్ ఆ వణుకులోనే ఉంటుంది. మన బర్నర్లు దాన్ని రాయలేవు. ఆ తనిఖీని దాటించే చిప్ వేయని కన్సోల్ ఆ కాపీని లెక్కచేయదు.

సెలవురోజు:
ఇంత శ్రమెందుకు బ్రో, అన్నీ నెట్‌లో దొరుకుతాయిగా.

నల్లడిస్కు:
దొరుకుతాయి. మన పెట్టెలో ఉన్న వెర్షనే దొరుకుతుందని ఏముంది? పైగా 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఎఎ)లో బ్యాకప్‌కి వెసులుబాటు ఉంది. అది చట్టబద్ధంగా మన దగ్గరున్న కాపీ నుంచి, పోతుందనో పాడవుతుందనో జాగ్రత్తకి తీసుకునేదానికే. ఎవరో అప్‌లోడ్ చేసింది ఆ లెక్కలోకి రాదు.

చార్మినార్_చీట్‌కోడ్:
అన్నా, పెట్టెలో హనుమాన్: బాయ్ వారియర్ గానీ, దేశీ అడ్డా గానీ ఉన్నాయేమో చూడు. రెండూ 2009లో వచ్చిన పీఎస్2 గేములే. మొదటిది అరోనా టెక్నాలజీస్, రెండోది గేమ్‌శాస్త్ర, రెండూ మన హైదరాబాద్ కంపెనీలే. గ్రాన్ టూరిస్మో కాపీలకి లోకంలో కరువులేదు. ఇవి ఉంటే ముందు వీటిని తియ్యి.

గోదారి_గేమర్:
హనుమాన్ ఉంది! అన్నయ్య సెలవుకి ఇంటికొచ్చినప్పుడు ఇక్కడే కొన్నాడట. కానీ బొమ్మ ఉన్న వైపు గట్టి గీత పడింది. అడుగున కూడా సన్న గీతలున్నాయి.

నల్లడిస్కు:
డీవీడీ అయితే పైగీతకి మరీ భయపడక్కర్లేదు, డేటా పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది. సీడీలో అయితే లేబుల్ కిందే సన్నటి పూత చాటున ఉంటుంది, అక్కడ లోతుగా గీత పడితే ఇక అంతే. అడుగువైపు మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి, గుండ్రంగా వద్దు. టూత్‌పేస్ట్ జోలికి అస్సలు పోవద్దు. ఎర్రర్లు వస్తే స్పీడ్ తగ్గించి చూడండి, అప్పటికీ రాకపోతే ఇంకో కంపెనీ డ్రైవ్ ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకోండి. ఒకటి చదవలేని డిస్కుని ఇంకోటి చదివేయడం మామూలే.