లూ జిషెన్‌ది వట్టి కోపమేనా?

అచ్చంపేట పిల్లగాడు:
'వాటర్ మార్జిన్' అనే పాత చైనా నవల చదువుతున్న. లియాంగ్‌షాన్ కొండ మీది 108 మంది దొంగలల్ల లూ జిషెన్ మీదనే నా మనసు నిలిచింది. కానీ మనిషి అర్థమైతలేడు. మాంసం కొట్టు జెంగ్‌ను మూడు గుద్దులకు సంపుతడు. సన్యాసం తీసుకున్నంక గూడ తాగొచ్చి మఠం గేటు కాడి బొమ్మలు పలగ్గొడ్తడు. మా దిక్కు పెద్దోళ్లను దోసి పేదలకు పెట్టిన పండుగ సాయన్న పాట వింటే ఆయన ఎవరి కోసం దోసిండో తెలిసిపోతది. ఈయనను వీరుడని ఎట్ల అంటరు?

పాలమూరు పెద్దసారు:
తమ్మీ, గుద్దులకంటె ముందు ఏం జరిగిందో సూడు. జెంగ్ ఒక పేదపిల్లను ఉంచుకుంటనని 3000 కట్టల పైకానికి కాగితం రాయించిండు, పైసా ఇయ్యలె. మూడు నెలలకు ఇంటామె ఎల్లగొట్టింది. ఇయ్యని పైకం తిరిగి కట్టుమని తండ్రీబిడ్డలను సత్రపోళ్ల చేతుల పెట్టిండు. ఆ పిల్ల కల్లంగళ్లల్ల పాటలు పాడి కడుతున్నది. మా నాయిన గుంపుమేస్త్రి కాడ అడ్వాన్సు తీసుకొని ప్రాజెక్టు పనులకు వలస పోయిన మనిషి. వేలిముద్ర పడ్డంక బాకీ ఎట్ల పెరుగుతదో మా ఇంట్ల అందరికి ఎరుకే. అందుకే ఆ కాగితం కాడ నాకు కడుపు మండింది.

లూ తన కాడున్న 5 లియాంగుల (చైనా తూకం) వెండి ఇచ్చిండు, తనతోని ఉన్న షి జిన్‌ను అడిగి ఇంకో 10 ఇప్పిచ్చిండు. ఎంటున్న ఇంకొకడు లీ జోంగ్ నసుక్కుంట 2 తీస్తే మొఖాన ఇసిరిండు. తెల్లారంగనే సత్రానికి పోయి వాళ్లను సాగనంపిండు, అడ్డమొచ్చిన పనోని పండ్లు రాలగొట్టిండు. ఎవడన్న ఎంటబడ్తడేమోనని బల్ల ఏసుకొని నాలుగు గంటలు అక్కడ్నే కూసున్నడు. వట్టి కోపిష్టోడు అంతసేపు కూసుంటడా? వాళ్లు దూరం పోయిన్రని నమ్మకం కుదిరినంకనే జెంగ్ కాడికి పోయిండు. సంపాలని గూడ పోలె, గట్టిగ నాలుగు తందామనుకున్నడు. వాడు సచ్చిండని తెలిసి, జైలుకు బువ్వ తెచ్చేటోడు గూడ లేడు గదా అని ఊరిడిసిండు.

మిర్యాలగూడ అక్క:
సారూ, ఆ బల్ల సంగతి బాగ చెప్పిన్రు. అయినా ఆయనను దేవుణ్ణి చేయొద్దు. తనకు తిండి పెట్టినోళ్ల వెండిగిన్నెలు తొక్కి చదును చేసి మూట కట్టుకొని కొండ మీదికెళ్లి దొర్లుకుంట పోయినోడే. నాకు నచ్చేది వేరే. ఆ దొంగల నాయకుడు సోంగ్ జియాంగ్ రాజు క్షమాభిక్ష కోసం ఆశపడుతుంటే, దర్బారంత దుర్మార్గులే, నల్లరంగేసిన నా అంగీని ఎంత ఉతికినా తెల్లగైతదా అని లూ నిండు సభల అడిగిండు. ఆ గుంపుల్నే ఉన్న లీ క్వయ్ గూడ ఒప్పుకోలె గానీ, ఆయన గొడ్డలి అమాయకులను గూడ నరుకుతది. లూ అట్ల కాదు.

అచ్చంపేట పిల్లగాడు:
మరి శిక్ష పడి పోతున్న తన దోస్తు లిన్ చోంగ్‌ను అడివిల కాపాడినంక ఇడిసిపెట్టి పోతడా?

పాలమూరు పెద్దసారు:
పోడు. లిన్‌ను సంపజూసిన కాపలా భటులిద్దరిని నమ్మక వాళ్లతోని నడుస్తడు, దారిల లిన్‌కు మాంసం, మందు తినిపిస్తడు, తాపిస్తడు. శిక్ష పడ్డ ఊరు త్సాంగ్‌జౌ ఇంక 70 లీల (చైనా దూరపు కొలత) దూరమున్నదనంగ, ఇక ఊళ్లే గానీ అడివి లేదని కనుక్కొని, 20 లియాంగులు లిన్ చేతుల పెట్టి, భటులు సూడంగ ఒక్క దెబ్బకు పైన్ చెట్టు ఇరగ్గొట్టి అప్పుడు వెనక్కి తిరుగుతడు.