స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్: పెల్లెట్లు చెదిరిపోతుంటే తప్పు బ్యారెల్‌దా, పట్టుదా?

ప్రశ్న (కర్నూలు): అన్నలారా, నాది .177 (4.5 మిల్లీమీటర్ల పెల్లెట్) బ్రేక్ బ్యారెల్ రైఫిల్, అంటే గొట్టం విరిచి స్ప్రింగ్ ఎక్కించేది. 10 మీటర్ల నుంచి ఇసుక మూట మీద ఆనించి కొడితే మూడు పెల్లెట్లు ఒకసారి 1 సెంటీమీటరులో పడతాండాయి, ఇంకోసారి 5 దాటి పోతాండాయి. స్కోప్ ఎంత తిప్పినా అంతే. బ్యారెల్ పోయినట్టేనా?

జవాబు (అనంతపురం): ముందు స్కోప్ మీద చెయ్యి తీయండన్నా. దాని నాబ్ పెల్లెట్లు పడే చోటును జరుపుతుంది గానీ చెదురును తగ్గించదు. నాకు మొదటి అనుమానం ఇసుక మూట మీదే. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్ తోసే పిస్టన్ ముందుకు ఉరుకుతుంది, రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ ఆగేటప్పుడు మళ్లీ ముందుకు గుంజుతుంది. పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే ఈ కదలిక మొదలవుతుంది కాబట్టి గట్టి మూట మీద పెడితే ఒక్కోసారి ఒక్కో తీరుగా ఎగురుతుంది. మూట మీద మీ ఎడమ చెయ్యి పెట్టి, తెరిచిన అరచేతిలో రైఫిల్‌ను వదులుగా ఆనించండి. చెయ్యి ప్రతిసారీ ఒకే చోట ఉండాల. భుజానికి అదిమి పట్టుకోవద్దు.

మూడు పెల్లెట్లతో తీర్పు చెప్పలేం. ఒక కాగితానికి 10 చొప్పున మూడు కాగితాలు కొట్టండి. దూరంగా పడిన రెండు చిల్లుల బయటి అంచుల మధ్య కొలిచి, పెల్లెట్ వెడల్పు 4.5 మిల్లీమీటర్లు తీసేయండి. మూడింట్లోనూ 2 సెంటీమీటర్ల లోపు వస్తే మామూలు రైఫిల్‌కు నేను వంక పెట్టను.

జవాబు (కడప): చిల్లులు రెండు కుప్పలుగా పడితే ఎక్కడో వదులుంది. స్టాక్ (భుజానికి ఆనించే కట్టె) పక్క స్క్రూలు, ట్రిగ్గర్ గార్డ్ స్క్రూ బిగించండి. స్ప్రింగ్ ఎక్కించకుండా బ్యారెల్ మూసి పక్కలకు ఊపండి, కొంచెం ఆడినా గురి నిలవదు. స్కోప్ మౌంట్ (స్కోప్‌ను రైఫిల్‌కు పట్టే బిగింపు) వెనక పెన్సిల్ గీత గీసి 20 పెల్లెట్లు కొట్టాక చూడండి, గీతకూ మౌంట్‌కూ సందు వచ్చినా, గీత మౌంట్ కింద దాగినా జారుతున్నట్టే.

ఇంకొకటి, చాలా స్కోపులు 100 గజాలకు సర్ది వస్తాయి. 10 మీటర్లకు కన్ను కాస్త పక్కకు జరిగితే స్కోప్‌లోని క్రాస్ గీతలు కూడా జరిగినట్టు కనిపిస్తాయి. రైఫిల్ కదలకుండా పెట్టి, తల మాత్రం అటూ ఇటూ జరిపి చూడండి, తెలిసిపోతుంది. స్కోప్ తీసేసి మామూలు సైట్లతో 10 కొడితే ఇంకా త్వరగా తేలుతుంది.

ప్రశ్న (కర్నూలు): పెల్లెట్లు ఏవి వాడాల? కాగితం వెనక కడప బండ నిలబెట్టినాను, సరిపోతుందా?

జవాబు (కడప): బండ ఇప్పుడే తీసేయండి! సీసం పెల్లెట్ రాతికి తగిలి కొట్టినవాళ్ల మీదికే వస్తుంది. అట్టపెట్టెలో పాత బట్టలు గట్టిగా కూరి, వెనక ప్లైవుడ్ పెట్టండి. కళ్లద్దాలు తప్పనిసరి.

10 మీటర్లకు చదును తల పెల్లెట్లు మేలు. డబ్బాలో వెనక అంచు నొక్కుకుపోయినవి ఏరి పారేయండి. రకం మార్చినప్పుడు మొదటి 15 దాకా లెక్కలోకి తీసుకోవద్దు, గొట్టం కొత్త పెల్లెట్‌కు అలవాటు పడాల.

జవాబు (అనంతపురం): పొగ, కాలిన నూనె వాసన వస్తుంటే నూనె ఎక్కువైంది. అది తగ్గేదాకా కొలతలు నమ్మొద్దు. పెల్లెట్ లేకుండా ఖాళీగా పేల్చొద్దు, పిస్టన్ సీల్ పోతుంది. పెల్లెట్ పెట్టేటప్పుడు విరిచిన బ్యారెల్‌ను రెండో చేత్తో పట్టుకునే ఉండండి. ట్రిగ్గర్ జారితే అది ఎగిరొచ్చి వేళ్లు నలుగుతాయి.