కోత పండుగలో పేరు, మొత్తం మైకులో చదవడం సాక్ష్యమా, స్వనీతా?

మర్రిపాలెం క్వయర్:
ఈసారి కోత పండుగకి మా చర్చి కమిటీ ఒక తీర్మానం చేసింది. కానుక ఇచ్చినవాళ్ల పేరు, మొత్తం, పెద్ద మొత్తం నుంచి చిన్నదాకా వరసగా మైకులో చదువుతారట. వేలంలో గుమ్మడికాయ పాడుకున్నవాళ్లని ఆల్టర్ ముందు నిలబెట్టి ఫొటో తీస్తారట. ధర్మం చేసేటప్పుడు బూర ఊదించవద్దని మత్తయి 6లో ఉంది. మీ సంఘాల్లో ఎలా చేస్తున్నారు?

గాజువాక స్టీల్:
ముమ్మాటికీ సాక్ష్యమే. మత్తయి 6 పట్టుకునేవాళ్లు అదే కొండమీది ప్రసంగంలో 5:16 వదిలేస్తారు. మీ సత్క్రియలు మనుషులు చూసి తండ్రిని మహిమపరచాలని అక్కడ ఉంది. 1 దినవృత్తాంతములు 29లో దావీదు తన సొంత సొమ్ము లెక్క సమాజమంతటి ముందూ చెప్పాడు, ఓఫీరు బంగారం 3,000 తలాంతులు, వెండి 7,000. బర్నబా పొలం అమ్మిన సంగతి పేరుతో సహా అపొస్తలుల కార్యములు 4లో రాసి ఉంది. విధవరాలు వేసిన రెండు కాసుల సంగతి సాక్షాత్తూ యేసుప్రభువే ఎత్తి చెప్పాడు. చదవకపోతే ఏమవుతుందో కమిటీల్లో ఉన్న అందరికీ తెలుసు. రసీదు పుస్తకంలో ఒక అంకె, బ్యాంకులో ఒక అంకె.

చినవాల్తేరు:
బూర అంటే ఊదే బూర కాకపోవచ్చండి. ఆలయంలో బూర ఆకారంలో 13 కానుకపెట్టెలు ఉండేవి. యూదుల పాత ధర్మగ్రంథం మిష్నాలో షెకాలీమ్ 6:5 చూడండి.

పెందుర్తి అక్క:
స్టీల్ బ్రదర్, మార్కు 12:43 మళ్లీ చదవండి. ప్రభువు ఆ మాట శిష్యుల్ని దగ్గరికి పిలిచి చెప్పాడు, ఆమెని ముందుకి పిలవలేదు. ధనవంతులు వేసిన మొత్తాలు అసలు చెప్పలేదు. ఆ కథకి ముందు 40వ వచనంలోనే విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల మాట ఉంది.

ఇక లూకా 18లో ఆలయంలో ప్రార్థించిన పరిసయ్యుడు, సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) కథ. పరిసయ్యుడు అబద్ధమాడాడని ప్రభువు అనలేదు. ధర్మశాస్త్రం ఉపవాసం అడిగింది ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్త దినాన, అతను వారానికి రెండుసార్లు చేశాడు. పదో వంతు పంటలకీ మందలకీ అడిగితే, వచ్చిన ప్రతిదాని మీదా ఇచ్చాడు. చేసిందంతా నిజమే, అడిగినదానికంటే ఎక్కువే. పైగా "దేవా, నీకు కృతజ్ఞతలు" అనే మొదలుపెట్టాడు. చెడింది ఎక్కడంటే, ఈ సుంకరిలాంటివాణ్ణి కాను అన్న చోట. పక్కవాడితో పోల్చుకున్నాక అంత ఉపవాసమూ వ్యర్థమైంది. మీ కమిటీ చేస్తున్నది సరిగ్గా ఆ పోలికే, మైకు పెట్టి మరీ. పెద్దదాని నుంచి చిన్నదాకా చదివితే యాభై రూపాయలు వేసిన ముసలమ్మ పేరు వచ్చేసరికి జనం భోజనాల బంతి దగ్గర ఉంటారు.

జ్ఞానాపురం రీడర్:
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా. 6వ శతాబ్దపు పోపు గ్రెగొరీ గర్వాన్ని నాలుగు రకాలన్నాడు. మంచి తనవల్లే కలిగిందనుకోవడం. దేవుడే ఇచ్చాడు గానీ నా యోగ్యత చూసి ఇచ్చాడనుకోవడం. లేనిది ఉందని చెప్పుకోవడం. ఉన్నది నాకొక్కడికే ఉందన్నట్టు మిగతావాళ్లని చిన్నచూపు చూడటం. పరిసయ్యుడు మొదటిదాంట్లో దొరకడు, కృతజ్ఞతలు చెప్పాడు కాబట్టి. నాలుగోదాంట్లో దొరికాడు. అందుకే "దేవునికే మహిమ" అని ముందు ఒక మాట తగిలించి పేర్లు చదివినంత మాత్రాన సరిపోదు.

అలాగని పేరు దాచుకుంటే దీనత్వం వచ్చేయదు. పాతకాలపు సన్యాసి కాసియన్ ఈ డంబాన్ని ఉల్లిపాయతో పోల్చాడు, ఒక పొర ఒలిస్తే కింద ఇంకోటి. 1846లో విశాఖ వచ్చిన ఫాదర్లు ఎవరి పేరు పెట్టుకున్నారో ఆ ఫ్రాన్సిస్ ది సేల్స్ కూడా అదే అన్నాడు. మేం ఎందుకూ పనికిరాం అని మనమే అంటాం, ఎదుటివాడు "అవును నిజమే" అంటే మనసు చివుక్కుమంటుంది. "పేరు వద్దు, ఒక సహోదరుడు అని చదవండి" అనేవాళ్లని గమనించండి. సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది.

చినవాల్తేరు:
ఆ 13లో 6 పెట్టెలు స్వేచ్ఛార్పణలకే. బూర విషయం తేలకుండా మత్తయి 6 మీద వాదించి లాభం లేదు.

గాజువాక స్టీల్:
బూర పక్కన పెట్టండి బాబూ. గ్రెగొరీ, కాసియన్ బాగానే ఉన్నారు. ఇప్పుడు నేనొకటి అడుగుతా. ఊళ్లో పాత గుళ్లలో గోడల మీద పాలరాతి పలకలు ఎవరివి? ముందు బెంచీ ఎవరిది? మూడు తరాలుగా అవే ఇంటిపేర్లు. వాళ్లెవరికీ ఎప్పుడూ మత్తయి 6 గుర్తు రాలేదు. పేటలోంచి వచ్చిన పిల్లాడికి ఉద్యోగమొచ్చి మొదటిసారి ఐదు వేలు ఇస్తే, అతని పేరు చదివే రోజున మాత్రం "తగ్గింపు కావాలి బ్రదర్". తగ్గించుకోమని మీరు చెప్పేది ఎప్పుడూ కిందున్నవాడికే. యాకోబు 1:9, 10 చూడండి. దీనుడు తన ఉన్నతదశను బట్టి అతిశయించాలి, ధనవంతుడు తన దీనదశను బట్టి. ఇద్దరికీ ఒకే మాట చెప్పలేదు.

పెందుర్తి అక్క:
ఈ మాట మొదటే చెప్పాల్సింది అన్నా. రసీదు పుస్తకం మాటెందుకు మరి? పలకల విషయంలో మీతోనే ఉన్నాను. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించొద్దని అదే యాకోబు 2లో ఉంది. కానీ మీ పేటలో ఐదు వేలు ఇవ్వగలిగింది ఒక్కరు. మిగతా ఇళ్ల పేర్లు ఆ వరసలో ఎక్కడొస్తాయి?

లెక్కకే అయితే దారి ఉంది. ఇంటికో నంబరు కవరు. నంబర్లు వీధి వరసన ఇస్తే ఎవరిదేదో ఊహించేస్తారు, కలిపి ఇచ్చి ఏటా మార్చాలి. పట్టిక సెక్రటరీ దగ్గర, డబ్బు ట్రెజరర్ దగ్గర. లెక్కపెట్టేది ఒకే ఇంటివాళ్లు కాని ఇద్దరు, గుడి దాటకముందే. కవరు మీది అంకె, లోపలి డబ్బు సరిపోకపోతే అక్కడే ఇద్దరూ సంతకం చేయాలి. సోమవారం బ్యాంకు స్లిప్పు, నంబర్లతో మొత్తాలు నోటీసుబోర్డు మీద. క్యూఆర్ కోడ్ పెడితే పక్కన మొత్తం అరిచి చెప్పే సౌండ్‌బాక్సు ఆపండి. వేలంలో పాడేవాళ్లు ఎలాగూ కనిపిస్తారు, దానికి మళ్లీ ఫొటో ఎందుకు? రైతుబజార్లో కొన్న గుమ్మడికాయే కదా.

జ్ఞానాపురం రీడర్:
పేర్లు చదవాల్సే వస్తే అక్షరక్రమంలో, మొత్తం లేకుండా, అందరివీ.

మర్రిపాలెం క్వయర్:
అక్షరక్రమం, నంబరు కవర్లు రెండూ కాగితం మీద పెట్టి ఆదివారం కమిటీకిస్తా. పలకల గురించి కూడా రాయమంటారా? అది రాస్తే మిగతాది చదవకుండానే పక్కన పడేస్తారేమో.

గాజువాక స్టీల్:
పలకలే మొదట రాయండి. వాటికీ తెర వేస్తామంటే మా పేర్లు చదవకపోయినా ఒప్పుకుంటా. అవి అలాగే ఉంచి మమ్మల్ని నంబర్లు చేస్తామంటే, నా ఓటు మైకుకే.