టెలిటెక్స్ట్‌లో వచ్చిన ‘డిజిటైజర్’ని జనం అంత ఇష్టంగా ఎందుకు చదివేవాళ్ళు?

పిక్సెల్_పిచ్చోడు:
పాత వీడియో గేముల గురించి వెతుకుతుంటే యూట్యూబ్‌లో 2018 నాటి ‘డిజిటైజర్ ద షో’ కనిపించింది. దానికి మూలం 1993 నుంచి 2003 దాకా బ్రిటన్‌లో టీవీ టెలిటెక్స్ట్‌లో (టీవీ సిగ్నల్‌తో పాటే వచ్చే, రిమోట్‌తో నంబరు కొట్టి తెర మీద చదువుకునే అక్షరాల పేజీలు) వచ్చిన గేమ్స్ పత్రికట. స్క్రీన్‌షాట్లు చూశాను. నల్ల తెర, ఇటుక ముక్కల్లాంటి బొమ్మలు, నాలుగు ముక్కల రాత. గేమ్ ఎలా ఉంటుందో ఒక్క ఫొటో కూడా వేయలేని పత్రికని పదేళ్ళు ఎలా చదివారు? అప్పట్లో అక్కడ ఉన్నవాళ్ళు ఎవరైనా చెప్తారా?

క్వార్టర్స్_కుర్రాడు:
నేను రోజూ చదివేవాణ్ణి తమ్ముడూ. మా ఇంట్లో గేమ్ ఆడే మెషీనే లేదు, అయినా చదివేవాణ్ణి!

నాన్న డాక్టరు. 1994లో గుంటూరు నుంచి ఇంగ్లండ్ వెళ్ళి ఆస్పత్రి వెనక క్వార్టర్స్‌లో ఉన్నాం. నాకు పదకొండేళ్ళు. గేమ్ పత్రికలు కొట్లో అట్ట చూసి పెట్టేయడమే. టెలిటెక్స్ట్‌కి పైసా ఖర్చు లేదు, పైగా అమ్మకి నేను వార్తలు చదువుతున్నట్టే ఉండేది.

స్క్రీన్‌షాట్లో ఆ మజా తెలియదు. పేజీలన్నీ టీవీ సిగ్నల్‌తో పాటు ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటాయి. నంబరు కొట్టాక, పంక్తిలో గారెల పళ్ళెం మన విస్తరి దగ్గరికి వచ్చేదాకా చూసినట్టు చూడాలి. ఒకే నంబరు కింద నాలుగైదు పేజీలుంటే సగం చదివేలోపే మారిపోయేవి. (పేజీని మారకుండా ఆపే హోల్డ్ బటన్ ఒకటుందని నాకు ఏడాది తర్వాత తెలిసింది.)

ఇక రివీల్ బటన్. దాచిన క్విజ్ జవాబులు చూపించడానికి పెట్టింది. డిజిటైజర్ వాళ్ళు దాన్ని కొంటె పనులకి వాడుకున్నారు. నొక్కితే ఖాళీ జాగాలోంచి ఏదో పిచ్చి మాట ఊడిపడేది. దాంతో ఏ పేజీ వచ్చినా నొక్కి చూడటమే నా పని. మా రిమోట్ మీద ఆ ఒక్క బటన్ అక్షరాలే అరిగిపోయాయి. నాన్న లైటు కింద పెట్టి చూసి, “దీంతో ఏం చూస్తున్నావురా?” అన్నారు. డిజిటైజర్ జోకుల్లో వచ్చే అమెరికన్ నటుడు మిస్టర్ టీ తన చెత్తడబ్బాల జోలికి రావద్దని పిల్లల్ని బెదిరిస్తున్నాడని ఎలా చెప్పను?

వరుసకి 40 అక్షరాలు, నలుపు కాక ఏడు రంగులు. ఆ ఇరుకులోనే రివ్యూ, మార్కులు, వెటకారం. రాసే పాల్ రోజ్, టిమ్ మూర్ తమని మిస్టర్ బిఫో, మిస్టర్ హెయిర్స్ అని పిలుచుకునేవారు. ఫొటో లేదు కాబట్టి మాటలే లాక్కెళ్ళాలి. నేను చదివింది గేముల కోసం కాదు, వీళ్ళిద్దరి కోసం.

లాజిక్_రావు:
ఇదంతా చిన్నప్పటి బెంగ అండీ. 2001లో లండన్‌లో ఉద్యోగంలో చేరినప్పుడు పక్క సీటతను చూపించాడు. నాకు ఒక్కదానికీ నవ్వు రాలేదు.

క్వార్టర్స్_కుర్రాడు:
రాదు రావుగారూ, ఒక్క రోజు చూస్తే రాదు. నాకే మొదటి నెల సగం అర్థం కాలేదు. మా నాన్నకైతే టెలిటెక్స్ట్ అంటే బీబీసీ వాళ్ళ టెలిటెక్స్ట్ ‘సీఫాక్స్’లో వచ్చే క్రికెట్ స్కోరే. 1996 మార్చి 13న బడి నుంచి వచ్చేసరికి తెర మీద ఇండియా 120కి 8. ఈడెన్ గార్డెన్స్‌లో గొడవై ప్రపంచ కప్ సెమీఫైనల్ శ్రీలంకకి ఇచ్చేశారు. అయినా పేజీ మళ్ళీ తిరిగి వస్తే స్కోరు మారుతుందేమో అన్నట్టు రిమోట్ పట్టుకుని కూర్చున్నారు. ఆరోజు డిజిటైజర్ చదవనే లేదు.

పిక్సెల్_పిచ్చోడు:
అన్నా, ఆ పేజీలు ఇప్పుడు పూర్తిగా ఎక్కడైనా దొరుకుతాయా?

టేపు_రికార్డరు:
అప్పట్లో టీవీ రికార్డు చేసిన వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్లలో దొరుకుతాయి. బొమ్మతో పాటు టెలిటెక్స్ట్ సిగ్నల్ కూడా చెదిరిపోయి అందులో ఉంటుంది. ఒకే పేజీ పదేపదే వస్తుంది కదా, ఆ కాపీలన్నీ పోల్చి సాఫ్ట్‌వేర్‌తో అక్షరాలు బయటికి తీస్తున్నారు.

క్వార్టర్స్_కుర్రాడు:
నిజమా! గుంటూరులో మా అటక మీద ఒక సూట్‌కేసు నిండా ఉన్నాయి. ఒకదాని మీద అమ్మ రాత, “ఛానల్ 4, హిందీ సినిమా, చెరపొద్దు” అని. ఉండండి, అమ్మకి ఫోన్ చేస్తాను.