అంబాసిడర్ మార్క్ 3 ఇంజన్‌లో దొరికిన ఈ క్యామ్‌షాఫ్ట్ ఏ బండిది?

నల్లగొండ మార్క్ 3:

అందరికీ నమస్తే. మా నాయినది 1976 మోడల్ అంబాసిడర్, పెట్రోల్, 1489 సీసీ. నేను పుట్టాక ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది ఆ బండిలోనే. 2009లో హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాప్‌లో ఇంజన్ మొత్తం చేయించాం. బండి వచ్చిన రోజే నాయిన బానెట్ మీద చెయ్యి పెట్టి, "ఇది మన ఇంజన్ చప్పుడు కాదురా" అన్నాడు. కొత్త పిస్టన్లు కదా, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుందిలే అన్నాను. ఇన్నేళ్లయినా సర్దుకోలేదు. ఐడిలింగ్‌లో ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకుంటుంది. మూడో గేర్‌లో 30 మీద తొక్కితే కదలదు, 60 దాటాక మాత్రం బాగా లాగుతుంది.

కార్బొరేటర్, డిస్ట్రిబ్యూటర్ రెండూ మార్చాం. కంప్రెషన్ నాలుగు సిలిండర్లకూ 100 పీఎస్‌ఐ దగ్గరే, తక్కువే. ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి చూసినా పెరగలేదు కాబట్టి రింగుల తప్పు కాదు. పోయిన నెల ఇంజన్ దించి, హెడ్ తీసి, పక్క మూతలు రెండూ విప్పి ట్యాపెట్లు (క్యామ్ మీద ఆని, వాల్వులను కదిలించే ముక్కలు) లాగి, వాల్వులను తెరిపించి మూయించే క్యామ్ బయటికి తీశాను. నంబర్ ఉండాల్సిన చివర ఎవరో గ్రైండర్ పెట్టి చెరిపేశారు. మైక్రోమీటర్ పెడితే జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే గుండ్రటి భాగాలు) ముందుది 45.43, మధ్యది 43.91, వెనకది 41.22 మి.మీ. వచ్చాయి. లోబ్ లిఫ్ట్, అంటే క్యామ్ మీది ఉబ్బు ట్యాపెట్‌ను లేపే ఎత్తు, వెర్నియర్‌తో 6.3 మి.మీ.

ఇది అసలు అంబాసిడర్ క్యామేనా? నాయినకు 78 ఏళ్లు. కార్తీకంలో దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం తనే నడుపుకుంటూ పోవాలని ఆయన కోరిక. ఈ పికప్‌తో మన్ననూరు దాటాక ఘాట్ ఎక్కిస్తానంటే నాకు టెన్షన్‌గా ఉంది.

సూర్యాపేట రోడ్:

ఇంత పరిశోధన ఎందుకన్నా? ఒక కొత్త స్టాండర్డ్ క్యామ్ కొని వేసెయ్, అయిపోతుంది.

నల్లగొండ మార్క్ 3:

హైదరాబాద్ పుత్లీబౌలిలో పాత సామాన్ల షాపుల్లో రెండు రోజులు తిరిగాను తమ్ముడూ. పెట్రోల్ క్యామ్ అని ఇద్దరు చూపించారు గానీ, రెండింటికీ లోబులు అరిగే ఉన్నాయి. ఉన్నది ఏమిటో తేలకుండా ఇంకొకటి వేస్తే మళ్లీ మొదటికే వస్తాను.

మిర్యాలగూడ లేత్:

మీరు అడిగింది సరైన ప్రశ్న. 32 ఏళ్లుగా లేత్ మీద ఉన్నాను, చేతికొచ్చింది చెబుతాను.

ముందు జర్నల్స్. ఒకదాని కన్నా ఒకటి చిన్నగా మెట్లు మెట్లుగా ఉన్నాయి చూడండి, ముందు నుంచి దూర్చడానికి అలా చేస్తారు. ఆ కొలతలు బ్రిటన్ కంపెనీ బీఎంసీ చేసిన బీ సిరీస్ ఇంజన్‌వే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి మన అంబాసిడర్‌కు వచ్చింది ఆ ఇంజనే, ఎంజీ స్పోర్ట్స్ కార్లకూ అదే కుటుంబం. అంటే వేరే కంపెనీ క్యామ్ కాదు. కానీ ఆ కుటుంబంలో ఏ బండికి పుట్టిందో జర్నల్స్ చెప్పవు, లిఫ్ట్ సగమే చెబుతుంది. వాల్వ్ ఎప్పుడు తెరుచుకుంటుంది, ఎప్పుడు మూసుకుంటుంది, అది తేలాలి.

క్యామ్ మళ్లీ లోపల పెట్టండి. చైన్ గుర్తులు కలిపి వేయండి. క్రాంక్ ముందు డిగ్రీ చక్రం బిగించండి, అట్ట మీద 360 గీతలు గీసుకున్నా చాలు, కాకపోతే పెద్దదిగా గీయండి. హెడ్ లేదు కాబట్టి మొదటి పిస్టన్‌కు అడ్డంగా ఒక పట్టీ బిగించి, అటు తిప్పి తగిలిన చోట, ఇటు తిప్పి తగిలిన చోట గుర్తు పెట్టండి. రెంటికీ నడిమధ్య అసలు టీడీసీ, అంటే పిస్టన్ పైకొస (కింది కొస బీడీసీ). కంటితో చూసి టీడీసీ అనుకోవద్దు, పైన పిస్టన్ కదలకుండానే క్రాంక్ కొన్ని డిగ్రీలు తిరిగిపోతుంది.

ఈ ఇంజన్‌లో వాల్వుల వరుస ముందు నుంచి ఎగ్జాస్ట్, ఇన్‌లెట్, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్, మళ్లీ అదే. కాబట్టి మొదటి రెండు ట్యాపెట్లు చాలు. డయల్ గేజ్ ముల్లు నేరుగా ట్యాపెట్ మీద ఆనించండి. వాల్వ్ దగ్గర గ్యాప్ 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), ట్యాపెట్ కదలికను వాల్వ్‌కు పెంచి ఇచ్చే రాకర్ నిష్పత్తి సుమారు 1.4, కాబట్టి ట్యాపెట్ 0.27 మి.మీ. లేచిన చోటే వాల్వ్ తెరుచుకున్నట్టు లెక్క. దిగేటప్పుడూ అదే 0.27. క్రాంక్‌ను ఒకే దిక్కున తిప్పండి, వెనక్కి తిప్పితే చైన్ లూజు లెక్కలోకి వచ్చేస్తుంది.

మాన్యువల్ ప్రకారం ఆక్స్‌ఫర్డ్ క్యామ్‌కు ఇన్‌లెట్ టీడీసీకి 5 డిగ్రీల ముందు తెరుచుకుని, బీడీసీ దాటాక 45కు మూసుకోవాలి. ఎగ్జాస్ట్ బీడీసీకి 40 ముందు తెరుచుకుని, టీడీసీ దాటాక 10కి మూసుకోవాలి. ఎంజీ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి అవే వరుసలో 16, 56, 51, 21. మీ అంకెలు ఇక్కడ పెట్టండి.

ఇంకొకటి. ట్యాపెట్ల అడుగున స్టీల్ స్కేల్ అంచు పెట్టి వెలుతురుకు చూడండి. నడుమ వెలుగు కనిపిస్తే అది గుంట పడింది, దాన్ని మళ్లీ వాడొద్దు.

పాలమూరు పాత బండ్లు:

లేత్ అన్న ఎంజీబీకి చెప్పిన 56 దగ్గర ఆగి ఆలోచించండి. ఇన్‌లెట్ అంత ఆలస్యంగా మూసుకుంటే పిస్టన్ పైకి వస్తూ తాగిన గాలిలో కొంత వెనక్కి నెట్టేస్తుంది. కంప్రెషన్ నాలుగింటికీ సమానంగా తగ్గడం, ఆయిల్ పోసినా పెరగకపోవడం, పైన బాగా లాగడం, అన్నీ దానికి సరిపోతాయి. ఎంజీ ఇంజన్‌కు కంప్రెషన్ రేషియో ఎక్కువ కాబట్టి అక్కడ చెల్లుతుంది. మన అంబాసిడర్‌కు కింద, తక్కువ వేగంలో ఉండే బలమే ఆస్తి. నేను ఏటా జడ్చర్ల నుంచి శ్రీశైలం పోతాను. ఘాట్‌లో మలుపు దగ్గర బండి 20కి దిగాక మళ్లీ లేవాలంటే ఆ బలమే కావాలి.

నల్లగొండ మార్క్ 3:

రెండు రోజులు కొలిచాను. మూడు సార్లు తిప్పి తీసిన సగటు: ఇన్‌లెట్ 15, 56. ఎగ్జాస్ట్ 51, 20. లిఫ్ట్ గేజ్ మీద 6.35. అంటే ఎంజీబీ అంకెలే. నాయిన పక్కన కుర్చీ వేసుకుని అంకెలు కాగితం మీద రాశాడు. ఎనిమిది ట్యాపెట్లలో మూడింటి అడుగున వెలుగు కనిపించింది.

ఇంకో సంగతి. 2009లో వాళ్లు తిరిగిచ్చిన పాత సామాను గోనె సంచి అటక మీదే ఉందని నాయినకు గుర్తొచ్చింది. దించితే అడుగున పాత క్యామ్, పేపర్ చుట్టి ఉంది. ఏడు లోబులు బాగానే ఉన్నాయి. ఐదోది, మూడో సిలిండర్ ఎగ్జాస్ట్, ముక్కు అరిగి చదునైపోయింది. బొటనవేలు పెడితే అంచు తెలుస్తోంది. మిగతా వాటికన్నా 1.4 మి.మీ. తక్కువ ఉంది. మమ్మల్ని మోసం చేశారని ఇన్నేళ్లూ అనుకున్నాను. మార్చక తప్పకే మార్చారు. ఏది వేశారో ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది.

ఇప్పుడు పాతదాన్ని గ్రైండ్ చేయించాలా, ఈ ఎంజీ రకం దాన్నా?

మిర్యాలగూడ లేత్:

ఇప్పుడున్న దాన్నే చేయించండి. రెండు క్యామ్‌లకూ ఇన్‌లెట్ నడిమి (వాల్వ్ పూర్తిగా తెరుచుకునే చోటు) టీడీసీ నుంచి 110 డిగ్రీలు, ఎగ్జాస్ట్ నడిమి 105, అవేమీ మారవు. పెద్ద లోబ్ లోపల చిన్న లోబ్ ఆకారం పడుతుంది, కొద్దిగా తీస్తే చాలు. పాతదైతే ఐదో లోబ్ కోసం ఎనిమిదింటినీ లోతుగా కోయాలి, పైనున్న గట్టి పొర పోతుంది. నమూనాగా మాత్రం పాతదాన్ని వెంట తీసుకెళ్లండి, అరగని ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ లోబులకు సున్నంతో గుర్తు పెట్టి ఇవ్వండి. గ్రైండింగ్ అయ్యాక గట్టిదనం చెక్ చేయమనండి.

ట్యాపెట్లు ఎనిమిదీ కొత్తవే వేయాలి. బిగించేటప్పుడు లోబుల మీద మాలిబ్డినం పేస్ట్ రాయండి. మొదటిసారి స్టార్ట్ అయ్యాక ఐడిల్‌కు దించకుండా 2000 ఆర్‌పీఎం దగ్గర 20 నిమిషాలు నడపండి. ఆ 20 నిమిషాల్లోనే లోబ్, ట్యాపెట్ ఒకదానికొకటి సర్దుకుంటాయి.

నల్లగొండ మార్క్ 3:

సోమవారం రెండూ తీసుకుని హైదరాబాద్ వెళ్తున్నాను. నాయిన కూడా వస్తానంటున్నాడు. సున్నం గుర్తులు ఆయనే పెట్టాడు.