పికప్ బండి క్యాబిన్‌లో పడక: కట్టించవచ్చా, కూడదా?

మొక్కల బండి (కడియం):
అందరికీ నమస్కారం. నాకు సింగిల్ క్యాబిన్ పికప్ ఒకటి ఉంది. కడియపులంక, బుర్రిలంక నర్సరీల నుంచి హైదరాబాదుకు మొక్కలు తోలిస్తాను. పగటి ఎండకు మొక్క వాడిపోతుంది కాబట్టి సాయంత్రం లోడెత్తి రాత్రంతా నడపాల్సిందే. తెల్లవారుజామున చేరినా అక్కడ దించుకునేవాళ్లు పది గంటలకు గాని రారు. ఈలోపు మా డ్రైవరు సీట్లో కూర్చునే కునుకు తీస్తున్నాడు, నడుము పట్టేస్తోందంటున్నాడు. అందుకని లోపల మడత పడక ఒకటి చేయించాలనుకుంటున్నాను. ఎడమ సీటు ముందు కాళ్లు పెట్టుకునే గుంతలో చెక్క పెట్టె, దాని మీద సీటు ఎత్తుకు సమానంగా పలక, ఆపైన పలచని పరుపు. ఎవరైనా చేయించుకున్నారా? ప్లైవుడ్ ఎంత మందం వాడారు? గేరు రాడ్డు అడ్డం రాకుండా ఏం చేశారు?

చెక్క లెక్క (పాలకొల్లు):
పలకకు 12 మిల్లీమీటర్లది చాలు, కింద రెండు అడ్డ పట్టీలు వేయించండి. 18 అనవసరం, ఎత్తి దించడానికి బరువు. మామూలు ప్లైవుడ్ మాత్రం వద్దు. మీవి తడి మొక్కలు, డ్రైవరు బురద కాళ్లతో ఎక్కుతాడు, ఒక్క వానాకాలానికే పొరలు విడిపోతాయి. నీటికి ఆగే రకమే తీసుకోండి. పరుపు మన కొబ్బరి పీచుదే మేలు. స్పాంజి చెమట పీల్చి వాసన వేస్తుంది.

పాత స్టీరింగు:
మందం తరువాత, ముందు పొడవు చూడండి. మీరు చెప్పే రకం బండిని నేను టేపు పెట్టి కొలిచాను. తలుపు నుంచి తలుపుకు నాలుగున్నర అడుగులు. సీటు వీపు నుంచి డాష్‌బోర్డు దాకా మహా అయితే రెండున్నర. ఐమూలగా పడుకున్నా కర్ణం లెక్క అయిదు అడుగుల రెండు అంగుళాలు దాటదు. అది కూడా మనిషికి భుజాలు లేకపోతేనే. మీ డ్రైవరు ఎత్తు ఎంత?

మొక్కల బండి (కడియం):
అయిదున్నర అడుగులు. మోకాళ్లు కాస్త ముడుచుకుంటే సరిపోతుంది. కూర్చుని నిద్రపోవడం కంటే నయమే కదండీ.

పాత స్టీరింగు:
ముడుచుకుంటే సరిపోతుందని చెప్పడం తేలిక. స్టీరింగు కింద మోకాలు ఎక్కడికి వెళుతుందో ఒకసారి మీరే పడుకుని చూడండి. ఒకసారి పక్కకు తిరిగితే హారన్ మోగుతుంది, రెండోసారి తిరిగితే హ్యాండ్ బ్రేకు నడుములో గుచ్చుకుంటుంది.

కాలవగట్టు:
గేరు రాడ్డు గురించి ఒక మాట. వాలులో ఆపినప్పుడు చాలామంది బండిని గేరులోనే వదిలేస్తారు. నిద్రలో కాలు తగిలి న్యూట్రల్‌లోకి జారితే, హ్యాండ్ బ్రేకు కూడా అంతంత మాత్రమైతే, బండి దానంతట అదే కదులుతుంది. మన దగ్గర గట్టు పక్కన ఆపితే తిన్నగా కాలవలోకే. పడక ఉన్నా లేకపోయినా వెనక చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టించండి.

రూలు బుక్కు:
అసలు విషయం ఎవరూ పట్టించుకోవడం లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలకు, తయారీదారు ఇచ్చిన కొలతలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షన్ ప్రకారం అలా మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. క్యాబిన్ వెనక గోడ కోసి ట్రాలీలోకి జరిపారంటే దొరికిపోయినట్టే.

మొక్కల బండి (కడియం):
గోడ కోస్తానని నేను ఎక్కడ అన్నాను? ఊడదీసి పక్కన పెట్టుకునే పలక అది.

రూలు బుక్కు:
నేను గోడ కోసేవాళ్ల గురించి చెబుతున్నాను. బయట షెడ్లలో చాలామంది కోయిస్తున్నారు. రేపు ప్రమాదం జరిగితే బీమా వాళ్లు ముందు అడిగేది అదే. సీటు పీకేసినా తప్పే, ఆర్‌సీలో సీట్ల సంఖ్య ఉంటుంది.

చెక్క లెక్క (పాలకొల్లు):
పలక గురించి అడిగితే గోడ గురించి చెబుతున్నారు. పెట్టెకు మాత్రం బోల్టు ఒకటి వేయించండి. గట్టిగా బ్రేకు తొక్కితే పలక ఎగిరి వచ్చి అద్దానికి తగులుతుంది. ఇది చట్టంలో ఉందో లేదో నాకు అక్కర్లేదు.

భీమవరం ఐసు:
మా చేపల బండ్లలో పడుకునే ప్రశ్నే లేదు. ఐసు కరిగేలోపు చేరాలి.

లంక అరటి (రావులపాలెం):
ఇంత తంటా దేనికి, డబుల్ క్యాబిన్ బండికి మారిపోండి. బొలెరో క్యాంపర్, ఇసుజు ఎస్ క్యాబ్ లాంటి వాటిలో వెనక సీటు ఉంటుంది. పూర్తిగా చాపుకోలేకపోయినా గేరు రాడ్డు గొడవ ఉండదు. టాటా ఏస్ లాంటి చిన్న బండి వైపు మాత్రం చూడకండి. దాంట్లో ఇంజను సీటు కిందే ఉంటుంది, నిద్రపోతే వీపు కాలుతుంది.

మొక్కల బండి (కడియం):
వెనక సీటు పెట్టిన మేరకు ట్రాలీ పొట్టిదవుతుంది. మొక్కలు తగ్గితే కిరాయి తగ్గుతుంది. ఇప్పుడున్న కిరాయికే తిరుగు లోడు దొరక్కపోతే చేతికి ఏమీ మిగలడం లేదు.

కోనసీమ కొబ్బరి:
పడక సరే, గాలి మాటేమిటి? కిటికీలు దించితే దోమలు, ఎత్తితే ఉక్క. మా బాబాయి గారి అబ్బాయి ఏసీ వేసుకుని, ఇంజను ఆపకుండానే నిద్రపోతాడు.

కాలవగట్టు:
కొబ్బరి గారూ, ఆ పని వెంటనే మాన్పించండి. సైలెన్సరు గొట్టానికి ఎక్కడో చిల్లు ఉండి పొగ లోపలికి చేరితే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు. రక్తంలో ఆక్సిజన్‌కు చోటు లేకుండా అదే పట్టుకుంటుంది. ఊపిరాడక లేవడం ఉండదు, నిద్రలోనే పోతాడు. దోమల చక్రం వెలిగించి అద్దాలు మూసుకోవడం కూడా మంచిది కాదు. కిటికీ అంచుకు అతుక్కునే జాలీ కుట్టించుకుని, రెండు వైపులా అద్దాలు సగం దించి, బ్యాటరీతో నడిచే పన్నెండు వోల్టుల చిన్న ఫ్యాను పెట్టుకుంటే చాలు. రాత్రంతా తిరిగినా మంచి బ్యాటరీ దిగిపోదు.

పాత స్టీరింగు:
అద్దాలు సగం దించితే పర్సు, ఫోను ఎవరు కాస్తారు? సరే, అది వదిలేస్తాను. మొక్కల బండి గారికి ఒకే ప్రశ్న. ఎడమ సీటు ముందు గుంతను పెట్టెతో నింపేస్తున్నారు. క్లీనరు కాళ్లు ఎక్కడ పెట్టుకుంటాడు?

మొక్కల బండి (కడియం):
ఈమధ్య క్లీనరును పంపడం లేదు.

పాత స్టీరింగు:
అదీ సంగతి. పొద్దున్నుంచి ప్లైవుడ్ మందం చెప్పించుకుంటున్నారు, ఈ ముక్క మాత్రం చివరికి వచ్చింది. క్లీనరు జీతం మిగుల్చుకుని, అతను కూర్చునే చోట చెక్క పెట్టి, దానికి డ్రైవరు నడుము నొప్పి అని పేరు పెట్టారు.

మొక్కల బండి (కడియం):
మాట జాగ్రత్తగా రానివ్వండి. నేను కార్ల కంపెనీ యజమానిని కాను, ఒక్క బండి వాణ్ణి. ఈతకోట, ఉంగుటూరు, కలపర్రు టోల్ గేట్లు దాటేసరికే జేబు ఖాళీ అవుతుంది. ఇద్దరిని పంపిన రోజుల్లో ఏం జరిగిందో వినండి. సూర్యాపేట అవతల దాబా దగ్గర ఇద్దరూ కలిసి నిద్రపోయారు. ఎండెక్కింది. పట్టా విప్పి ఒక బకెట్ నీళ్లు చల్లిన పాపాన పోలేదు. కుండీల్లో గులాబీలన్నీ తలలు వాల్చేశాయి. తీసుకునే ఆయన సగం లోడు వెనక్కి కొట్టాడు. ఆ నష్టం నేనే భరించాను, వాళ్ల జీతంలో కోయలేదు. ఇద్దరుంటే నిద్రపోరని మీకు ఎవరు చెప్పారు?

చెక్క లెక్క (పాలకొల్లు):
పట్టా కింద గాలి ఆడేలా విల్లులా వంచిన ఇనుప కమ్మీలు వేయిస్తే మొక్క అంత తొందరగా వాడదు.

పాత స్టీరింగు:
మీరు కోయలేదు, సంతోషం. నాకు కోశారు. పేరు అనవసరం, నేను పనిచేసిన ఒక ఓనరు. ఆ రాత్రి క్యాబిన్‌లో ఉక్క భరించలేక పెట్రోలు బంకులో సిమెంటు బల్ల మీద పడుకున్నాను. తెల్లారి చూస్తే ట్రాలీ వెనక తాడు కోసి ఉంది, ఖరీదైన కుండీలు పోయాయి. నెలల తరబడి జీతంలో పట్టుకున్నాడు. ఆ తరువాత ఆయన ఏం చేశాడో తెలుసా? సరిగ్గా మీలాగే లోపల పలక వేయించాడు. 'ఇక బండిలోనే పడుకో, సుఖంగా ఉంటుంది' అన్నాడు. సుఖం ఏమీ లేదు. పట్టా రెపరెపలాడినా లేవాలి, కుక్క అరిచినా లేవాలి, పక్కన బండి ఆగినా అద్దంలోంచి చూడాలి. పొద్దున లేచి మళ్లీ అదే కళ్లతో నడపాలి. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు మధ్య మనిషిని నిద్ర ఎలా లాగుతుందో నడిపినవాడికే తెలుసు. పలక వేయించిన నాటి నుంచి నాకు రాత్రి బత్తా పోయింది. 'పడక ఉందిగా, ఇంకా బత్తా ఎందుకు' అన్నాడు.

మొక్కల బండి (కడియం):
నిద్రపోయే గంటలకు కూడా డబ్బులు ఇమ్మంటారా?

పాత స్టీరింగు:
నిద్రకు కాదు, కాపలాకు. లోడు దిగేదాకా ఆ సరుకుకు అతనే జవాబుదారీ అయితే అతను పనిలో ఉన్నట్టే. బండికి తాళం వేసి, పోతే పోనీ అని ఎక్కడైనా మంచం అద్దెకు తీసుకుని పడుకునే హక్కు మీ డ్రైవరుకు ఉందా? ఉంటే మీ పలక గురించి నేను ఇంకొక్క మాట మాట్లాడను.

మొక్కల బండి (కడియం):
లక్ష రూపాయల సరుకు రోడ్డు మీద వదిలేసి ఎలా వెళతాడండీ!

పాత స్టీరింగు:
నేను అడుగుతున్నదీ అదే.

రూలు బుక్కు:
దీనికీ చట్టం ఉండేది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అంది. అయిదు గంటలు నడిపితే కనీసం అరగంట విరామం ఇవ్వాలంది. రాత్రి ఆగాల్సిన చోట విశ్రాంతి గదులు యజమానే ఏర్పాటు చేయాలని కూడా రాసింది.

పాత స్టీరింగు:
అది ఎవరికి వర్తించేదో కూడా చెప్పండి. అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకు. ఒక్క బండి ఓనరుకు అది తగిలేదే కాదు. ఇంకొకటి చెబుతాను. లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారని 2025లో అందరూ చప్పట్లు కొట్టారు. అది లోడుతో కలిపి 3.5 టన్నులు దాటిన కొత్త బండ్లకే. మా పికప్ ఆ గీతకు ఇవతలే ఆగిపోతుంది. పెద్ద లారీకి కంపెనీ వాడే వెనక బెర్తు ఇస్తాడు, పక్కన ఇంకో మనిషి ఉంటాడు. మాకు రోడ్డు అదే, రాత్రి అదే, దూరం 400 కిలోమీటర్ల పైమాటే. బండి చిన్నదని మనిషి కూడా చిన్నవాడైపోతాడా?

కోనసీమ కొబ్బరి:
బంకుల దగ్గర చమురు కంపెనీలు 'అప్నా ఘర్' అని డ్రైవర్లకు మంచాలు, స్నానాల గదులు పెడుతున్నాయి కదా, అక్కడ ఆపుకోవచ్చు.

పాత స్టీరింగు:
మంచిదే. మంచం లోపల, లోడు బయట. మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చాం.

మొక్కల బండి (కడియం):
స్టీరింగు గారూ, మీ పాత ఓనరు మీద కోపం నా మీద తీర్చుకుంటున్నారు. మా వాడికి పడక కావాలని అడిగింది వాడే, నేను కాదు. సరే, రాత్రి కాపలాకు బత్తా వేరుగా ఇవ్వాలంటే కిరాయి పెంచి అడగాలి. అడిగితే నర్సరీ వాళ్లు పక్క బండిని పిలుస్తారు. కడియంలో బండ్లకు కొదవా?

పాత స్టీరింగు:
పక్క బండి ఓనరు కూడా మీ పేరు చెప్పే తన డ్రైవరుకు బత్తా ఎగ్గొడుతున్నాడు.

లంక అరటి (రావులపాలెం):
కిరాయి పెంచమని అడగకండి. నేను అరటి లోడుకు మాట్లాడుకునేటప్పుడే హాల్టింగ్, అంటే బండి ఊరికే ఆగిన గంటలకు డబ్బు, వేరుగా రాయిస్తాను. బండి చేరిన గంట, దించడం మొదలుపెట్టిన గంట, రెండూ చీటీ మీద వేయించి సంతకం తీసుకుంటాను. ఆలస్యం చేసింది దించుకునేవాళ్లు, కాబట్టి ఇచ్చుకోవాల్సిందీ వాళ్లే. అందులో సగం డ్రైవరుకు. మొదట గొణిగారు, తరువాత ఎనిమిదింటికే మనిషిని పంపడం మొదలుపెట్టారు.

మొక్కల బండి (కడియం):
ఇది బాగుంది. శనివారం లోడు ఉంది, అడిగి చూస్తాను. పలక మాత్రం చేయిస్తున్నాను, మా వాడు ఎదురుచూస్తున్నాడు. ఒప్పుకుంటే క్లీనరు సంగతి కూడా చూద్దాం.

చెక్క లెక్క (పాలకొల్లు):
క్లీనరు వస్తే ఆ పెట్టె పనికిరాదు. పలకను సీటు వెనక నిలబెట్టేలా మడత బందులతో చేయించండి, ఆపినప్పుడే దించుకుంటారు. కొలతలు పంపితే గీసి పెడతాను.

పాత స్టీరింగు:
కొలతలు నేను పంపుతాను, ఆ టేపు ఇంకా నా దగ్గరే ఉంది. కానీ మొక్కల బండి గారూ, హాల్టింగులో సగం అని అరటి గారు అన్నది అక్కడ దించుకునేవాళ్లు ఆలస్యం చేసిన గంటలకు. దారి మధ్యలో నిద్ర ఆగక డ్రైవరే బండి పక్కకు తీసి ఆపిన గంటలకు ఎవరిస్తారు?

మొక్కల బండి (కడియం):
దానికి నేను ఇవ్వనండి. అది మాత్రం నా వల్ల కాదు.